ఆల్బమ్ చూసి రాసుకున్న వయసు

అమ్మా,

ఫోన్‌లో మాట్లాడితే ఇంట్లో అందరికీ వినపడుతుందని రాస్తున్నాను.

నిన్న నాకు పిల్లలు పుట్టట్లేదని అత్తమ్మా నేనూ దిల్‌సుఖ్‌నగర్‌లో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. పెద్దమనిషివి ఎప్పుడయ్యావని ఆమె నన్నడిగింది. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ, "పదమూడేండ్లకే మేడం. ఫంక్షన్ ఆల్బమ్ పెండ్లిచూపులల్లనే చూసినం," అంది. డాక్టరమ్మ పదమూడు అని రాసుకుంది.

అప్పుడు నాకేమీ కాలేదని మనిద్దరికే తెలుసు. చుట్టాలు అడుగుతున్నారని నువ్వు ఉత్త ఫంక్షన్ చేశావు. డిగ్రీలో డాక్టరు మాత్రలు రాశాకే నెలసరి వచ్చింది. ఇప్పటికీ ఆ మాత్రలు ఆపితే రాదు.

లేచేటప్పుడు అత్తమ్మ నవ్వుతూ, "మా కోడలికి పాలు మాడినా వాసన తెల్వది," అంది. డాక్టరమ్మ చప్పున తలెత్తింది. పుట్టినప్పటి నుంచీ వాసన తెలియక, పెద్దమనిషి కూడా కాకపోతే, మెదడులో మొదలవ్వాల్సిన హార్మోన్ రావట్లేదేమో చూడాలట. అదే అయితే ఇంజెక్షన్లతో పిల్లలు పుట్టొచ్చట. "నీకు పదమూడుకే అయింది కదా, అది కాదులే," అని వేరే పరీక్షలు రాసింది.

శుక్రవారం పదింటికి మళ్లీ రమ్మంది. నువ్వు రా. ఎల్బీనగర్‌లో బస్సు దిగితే నేనే వచ్చి తీసుకెళ్తాను. అబద్ధమాడి పెళ్లి చేశారని వీళ్లు అంటారు, అననీ. నువ్వు రాకపోయినా నేను చెప్పేస్తాను.

ఫంక్షన్ రోజు నా జడ నిండా మల్లెపూలు కుట్టించావు. వీటికి వాసన ఉంటుందా అమ్మా అని నిన్నడిగాను. నోరు మూసుకుని ఫొటోకు నవ్వమన్నావు.

నీ బిడ్డ