గోడ మీద పెట్టిన ఉండలు

శంషాబాద్,
ఆదివారం ఉదయం.

చి.ల.సౌ. విజయకు,

ఇక్కడ నేనూ మీ అమ్మగారూ క్షేమం. పార్వతీపురంలో నువ్వూ నీ బ్యాంకు కుర్చీ క్షేమమని తలుస్తాను. కుర్చీ అన్నానని అలగకు. ప్రమోషను మీద వెళ్ళిన మేనేజరమ్మవి, ఆ మర్యాద నాకూ తెలుసు.

ఫోన్లో చెప్పక ఇన్ని కాగితాలెందుకని అడుగుతావు. ఇది ఈ ఇంట్లో నోటితో అనకూడని సంగతి. ఎలకల పేరెత్తితే అవి వింటాయనీ, మన ఎత్తు తెలిసిపోయి ఇక చిక్కవనీ మీ అమ్మగారి నమ్మకం. నీకు చెప్పాలా? నువ్వూ పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి వాటిని 'చుట్టాలు' అనే అంటావు. రెండో కారణం కూడా ఒకటుంది. అది రాయడానికి నాకు కొంచెం టైము కావాలి.

ముందు నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. అత్తయ్యగారు బీపీ మాత్ర వేసుకుంటున్నారు. నా అనుమానం నాది కాబట్టి రోజూ మాత్రల అట్ట తిప్పి చూస్తున్నాను. చిలగడదుంపలు తవ్వాను. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉన్నాయి కానీ సగానికి పైగా ఉత్త తొక్కలే, లోపల డొల్ల. పందికొక్కులు మనకన్నా ముందే తవ్వుకుని తిన్నాయి. కారులో వైర్లు కూడా కొరికాయి.

పక్కింటి సలేహా పది రోజులుగా ఫోన్ ఎత్తడం లేదనీ, నువ్వేం తప్పు మాట అన్నావో గుర్తు రాక అన్నం సయించడం లేదనీ రాశావు. పదహారేళ్ళ స్నేహం ఇలా తెగిపోతుందా అని రాశావు. నువ్వేమీ అనలేదు విజయా. ఆ మాట మనసులో పెట్టుకుని మిగతాది చదువు.

నువ్వెళ్ళిన నెలకే చుట్టాలు దిగారు. మొదట వంటింట్లో సబ్బు పోయింది, తర్వాత చెప్పు అంచు, తర్వాత నీ తోట. బోను పెట్టాను. అందులో మసాలా వడ పెడితే వడ పోయింది, బోను ఖాళీ! జిగురు అట్ట పెడితే దానికి నా చెప్పే అంటుకుంది. ఇవి మన ఇంట్లో పుట్టినవి కావు, ఎక్కడినుంచో వస్తున్నాయి అనిపించింది. పదిహేనేళ్ళుగా ఎయిర్‌పోర్టు కార్గోలో సీళ్ళు తనిఖీ చేసిన చూపు నాది. సీలు చెక్కుచెదరకుండా ఉంటే మరీ అనుమానం.

ఎవరి మీద అనుమానమో చెప్పక్కర్లేదు కదా. సలేహా వాళ్ళాయన జిలానీ డాబా మీద పావురాలు, పావురాలకు జొన్నలు, జొన్నలకు ఎలకలు. నాకు లెక్క సరిపోయింది. వారం రోజులు కాఫీ గ్లాసు పట్టుకుని మన డాబా మీద నిలబడి, అతను జొన్నలు చల్లుతుంటే ఎన్ని గింజలు కింద పడుతున్నాయో చూశాను. పైన విమానం పోతే అందరూ తలెత్తుతారు, నేను మాత్రం అతని చేతులే చూశాను. గోడవార ముగ్గుపిండి చల్లాను. తెల్లారి చూస్తే అడుగులు గోడ అవతలికి వెళ్ళాయి. దొరికావురా అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ అడుగులు అటూ ఇటూ రెండు వైపులా ఉన్నాయి. నాకు కావలసినవే నేను చూశాను.

జిలానీ క్యాబ్ తుడుచుకుంటుంటే వెళ్ళి అడిగేశాను.

"నా జొన్నలు డబ్బాల పోసి మూత పెడత అన్నా," అన్నాడు. "మా దిక్కు కెల్లి వస్తలేవు. జర మీ దిక్కు గూడ చూసుకోండ్రి."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుందే అనుకుని వచ్చేశాను. అప్పట్నుంచి అతను నవ్వినా అనుమానమే, నవ్వకపోయినా అనుమానమే.

మూడు వారాల కిందటి ఆదివారం మందు తెచ్చాను. మన వైపు అలవాటు ప్రకారం గోధుమపిండిలో ఎండు మెత్తళ్ళ చేపలు నలిపి, మందు కలిపి, ఉండలు చేసి, గోడ మీదా గోడవారా పెట్టాను. ఎవరితోనూ అనలేదు. అంటే చుట్టాలు వింటాయి కదా! అత్తయ్యగారు మాత్రం దూరం నుంచే అడిగారు, "బాబూ, మెత్తళ్ళు వండని రోజున మీ చేతులకు ఆ వాసనేమిటండీ?" అని. నేను నోటి మీద వేలు పెట్టుకున్నాను. ఆవిడ తలాడించి ఊరుకున్నారు. ఇంటికి నియమం పెట్టిన మనిషి కదా, ఇంకో మాట అడగలేదు.

నేను పిల్లి సంగతి మరిచిపోయాను విజయా. మెత్తళ్ళ వాసనకు మొదట వచ్చేది ఎలక కాదు.

బుధవారం పొద్దున సలేహా మన గేటు దగ్గరికి వచ్చింది. చేతుల్లో తువ్వాలు, తువ్వాల్లో బిజ్లీ. వాళ్ళమ్మాయి తహ్రీమ్ నాలుగో క్లాసులో ఉన్నప్పుడు తెచ్చుకున్న ఆ పిల్లికి నువ్వే బిజ్లీ అని పేరు పెట్టావు. తల వాల్చేసి ఉంది.

"అన్నా, మీరు మందు గిట్ల ఏమన్న పెట్టిన్రా? దీని ముక్కుల కెల్లి రక్తం కారుతున్నది. జంతువుల దవాఖానకు పోయినం. ఏం తిన్నదో ఎరుకైతేనే దానికి తగ్గ సూది ఇస్తనంటుండు డాక్టరు. బండిల కూసున్నడు ఈన, మల్ల పోతున్నం. జర చెప్పు అన్నా."

అదుగో, అప్పుడు నా బుర్రలో ఏం తిరిగిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఈమెను జిలానీయే పంపి ఉంటాడు, నేను ఔనంటే రేపు చచ్చిన ప్రతి పావురానికీ నన్నే అంటారు, జొన్నల సంగతి పక్కకు పోతుంది అనుకున్నాను. ఆ పిల్లి ముక్కు చూస్తూనే అనుకున్నాను. ఆమె మొహంలోకి చూసి, "లేదమ్మా, మేమేం పెట్టలేదు," అన్నాను.

ఆమె నమ్మింది. "సరే అన్నా," అని వెనక్కి తిరిగింది.

అత్తయ్యగారు వరండాలో చింతపండు గింజలు తీస్తున్నారు. పళ్ళెం పక్కన పెట్టి లేచారు. మోకాళ్ళ నొప్పులని గుడికి కూడా ఆటోలో వెళ్ళే మనిషి, గోడ దాకా విసవిసా నడిచి వెళ్ళి, వీధి వీధంతా వినేలా కేక వేశారు.

"సలేహా! అమ్మాయ్, సలేహా! మందు పెట్టారమ్మా! మా అల్లుడుగారు ఎలకల మందు పెట్టారు! ఆ డాక్టరుతో అదే చెప్పు, పరిగెత్తు!"

డెబ్బై నాలుగేళ్ళ ఆవిడ నోటి వెంట 'ఎలక' అనే మాట నేను వినడం అదే మొదటిసారి. నువ్వు కూడా విని ఉండవు. కేక వేసి వెనక్కి వచ్చి మళ్ళీ చింతపండు ముందు కూర్చున్నారు. నా వైపు చూడలేదు. మధ్యాహ్నం అన్నం పెట్టి, "ఎలక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే విన్నాను, ఇవాళ చూశాను," అని మాత్రం అన్నారు.

బిజ్లీ బతికింది. విరుగుడు సూదులు వరుసగా ఇప్పిస్తున్నారు, పాలు తాగుతోంది. ఉండలన్నీ వెతికి తీసి పాతిపెట్టాను. చుట్టాల స్థావరం కూడా దొరికింది. ఎక్కడో తెలుసా? మన మెట్ల కింద, నీ గులాబీలకు ఎరువని నేను తెచ్చి పడేసిన వేరుశనగ చెక్క బస్తాలో. పిల్లలతో సహా కాపురం పెట్టేశాయి. వాటిని ఇన్నాళ్ళూ మన తోటలో కాస్తో కూస్తో పట్టింది బిజ్లీయేనట, అదీ అత్తయ్యగారే చెప్పారు.

అయినా నా బుద్ధి మారలేదు, విను. సలేహా నీ ఫోన్ ఎత్తడం లేదని తెలిసి, చూశావా, పగబట్టింది, కాలనీ అంతా చెప్పుకుని ఉంటుంది అనుకున్నాను. పోయిన ఆదివారం నువ్వు ఫోన్లో అడిగితే "వాళ్ళకేం పనులో, నాకేం తెలుసు," అన్నాను. అది నీతో ఆడిన అబద్ధం. ఇదే నేను చెప్పిన రెండో కారణం. ఆ తర్వాత మూడుసార్లు ఫోన్ తీశాను. నీ గొంతు వింటే మళ్ళీ అబద్ధమే వస్తుందని భయం వేసి పెట్టేశాను.

ఇందాక పాలకు వెళ్తే జిలానీ ఎదురుపడ్డాడు. ఉండబట్టలేక అడిగాను, తప్పు నాదైతే మా ఆవిడ మీద కోపమెందుకయ్యా అని.

"అక్క మీద కోపం ఏంది అన్నా? ఫోన్ ఎత్తంగనే బిజ్లీ ఎట్లున్నది అనే అడుగుతది అక్క. అప్పుడు ఏం చెప్పాలె? నిజం చెప్తే మీ ఇంట్ల లొల్లి అయితది. అక్కతోని అబద్ధం చెప్పనీకి సలేహాకు నోరు రాదు. అన్న చెప్పిందాంక ఎత్తనన్నది. ఫోన్ మోగుతాంటె ముంగట పెట్టుకొని ఏడుస్తున్నది, ఇగ నేనేం జెయ్యాలె?"

పాలు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను విజయా. నేను ఆమె ముఖం మీద అబద్ధమాడాను. ఆమె నా పరువు కోసం రెండు వారాలుగా నిన్ను పోగొట్టుకుని కూర్చుంది. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో వేసి, నేరుగా వాళ్ళింటికి వెళ్ళి, క్షమించమని అడిగి, మీ అక్కకు అంతా రాసేశానమ్మా అని చెప్తాను. తలుపు తీస్తుందో లేదో తెలియదు. తీయకపోతే గేటు బయటినుంచే చెప్తాను. ఇది అందగానే నాకు ఫోన్ చెయ్యకు. ముందు సలేహాకు చెయ్యి. ఈసారి ఎత్తుతుంది. మీరిద్దరూ నన్ను ఎంతసేపు తిట్టుకుంటారో తిట్టుకోండి, గోడ ఇవతల కూర్చుని ఒక్క మాట పోకుండా వింటాను.

ఇట్లు,
నీ భర్త,
భీమశంకరరావు