కొండమ్మ అడిగిన మాట

ఎస్తేరూ,

నువ్వు పోయి నేటికి మూడేండ్లు. ఈ పొద్దు మగ్గాల వీధి కొండమ్మ కుందూ యేట్లో బాప్తిస్మం తీసుకునింది. కలరా వచ్చినప్పుడు నువ్వు ఒళ్ళు తుడిచి, గంజి తాపి బతికించిన మనిషే.

ఒడ్డున సంఘమంతా నిలబడి ఉండగా ఆమె అడిగింది. "అయ్యగారూ, కలరా వచ్చిన ఆ పొద్దు నాకు తెలివి లేదు. ఎస్తేరమ్మతో మీరు గూడా మా ఇంట్లోకి వచ్చినారని అందరూ అంటాండారు. నిజమేనా?"

అట్లా అనిపించుకున్నది నేనే, ఎస్తేరూ. ప్రతి ప్రసంగంలోనూ "నేనూ, నా భార్యా కలరా ఇండ్లలో సేవ చేసినాము" అని చెప్పుకుంటా వచ్చినా. ఆ పొద్దు నువ్వు లోపలినుంచి "రాయ్యా, ఈమెను పట్టుకో, నా ఒక్కదానివల్ల కాదు" అని పిలిస్తే, నేను బైబిలు చంకన పెట్టుకొని వీధిలోనే నిలబడితి. "ఈడ్నుంచే ప్రార్థన చేస్తాలే" అంటి. ఐదోనాటికి అదే రోగంతో నువ్వే పడకేసినావు, మళ్ళీ లేయలేదు.

"రాలేదమ్మా. భయపడి గడప తొక్కలేదు" అని అందరికీ వినబడేలా చెప్పినా.

పెద్దలు తల దించుకున్నారు. కొండమ్మ కొంగు నడుముకు దోపుకునింది.

"నాకు నీళ్ళంటే భయమయ్యా, ఇడిసిపెట్టొద్దండి" అని నా చెయ్యి గట్టిగా పట్టుకొని యేట్లోకి దిగింది.