క్యాబిన్ రేకు కింద

ప్రియమైన బావకి,

ఫోనులో చెబితే నీకు సగం వినపడదు. వినపడిన సగానికి నువ్వు "ఊఁ" అని ఊరుకుంటావు. అందుకని ఉత్తరమే రాస్తున్నాను. కూర్చుని చదువు.

మన లారీ దొరికింది.

ఇటుకబట్టీ యజమాని భార్య కుట్టుమిషన్ ఆగిపోయిందని కబురు చేస్తే మొన్న వెళ్ళాను. పని ముగించి చేతులు కడుక్కుందామని వెనక్కి వెళితే, షెడ్డులో గోనెల మధ్య అది నిలబడి ఉంది. ఆ గుండ్రటి ముక్కు, ఆ రెండు దీపాలు చూడగానే నాకున్న ఒక్క మోకాలూ వణికింది. పెట్టుడు కాలు మాత్రం నిబ్బరంగా నిలబడింది, దానికేం తెలుసు. నంబరు రుద్ది చూశాను. మనదే. బట్టీ మూసేస్తున్నారట, రేపో మాపో తుక్కుకి పంపేవాళ్ళు. అక్కడికక్కడే అడిగి తెచ్చేసుకున్నాను. మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, "కాలు తీసేసిన బండిని వెతికి తెచ్చుకున్నవాణ్ణి మిమ్మల్నే చూశాను" అంది.

పాత బండ్లు మాత్రమే చేసే బాడీ షాపు ఒకటుంది, అందులో పెట్టాను. పెద్ద మేస్త్రీ రేకుని గోటితో తట్టి, ఎక్కడ పాడైందో చప్పుడుని బట్టి చెబుతాడు. సీట్లు కుట్టడానికి ఒకావిడ ఉంది. పెయింటరు నోరు తెరిచే ముందు ఒకసారి తుమ్ముతాడు. బయట బాడీ, లోపల క్యాబిన్ మొదట్లో ఎలా ఉండేవో అచ్చం అలాగే చేస్తామన్నారు. ఎలా ఉండేవో చెప్పాల్సింది నువ్వే. నాకు అప్పుడు పందొమ్మిదేళ్ళు, బండి కంటే అద్దంలో నా జుట్టే ఎక్కువ చూసుకున్నాను.

ఇంకో మాట బావా. నిన్ను నేను ఎప్పుడో మన్నించాను, నీకు తెలుసు. స్టీరింగు పట్టినవాడికి ఎప్పుడో ఒకప్పుడు కునుకు పడుతుంది. అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఇంకా మా ఇంటికి వచ్చినప్పుడల్లా వీధిలోనే నిలబడి అక్కని దింపి వెళ్ళిపోతానంటే ఎలా చెప్పు? బండి తయారయ్యాక వచ్చి నాలుగు రోజులు ఉండాలి.

అక్కని అడిగానని చెప్పు.

నీ బావమరిది

* * *

ప్రియమైన చిన్నోడికి,

నీ ఉత్తరం చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. అక్క వచ్చి "ఎవరికైనా ఏమైనా అయిందా" అని అడిగింది. అది ఇంకా ఉందని నేననుకోలేదు.

బానెట్ ముదురు ఆకుపచ్చ. తలుపులకి మీగడ రంగు పట్టీ, జానెడు వెడల్పు. సీటు గోధుమరంగు రెగ్జిన్, అంచులకి తెల్ల దారంతో రెండు వరసల కుట్టు. డాష్‌బోర్డు చెక్కది, నల్ల పాలిష్. అంతే, ఇంకేం లేదు.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. క్యాబిన్‌లో కాళ్ళ కింద ఉండే రేకు ఎత్తించకు. అది గట్టిది. దానిమీద మంచి మ్యాట్ పరిపించు, చాలు. అది కదిలిస్తే పని ఎక్కడా తెమలదు.

గోడౌన్‌లో సెలవులు దొరకడం లేదు. రావడం సంగతి తర్వాత చూద్దాం.

నీ బావ

* * *

ప్రియమైన బావకి,

నెల రోజులైంది పని మొదలుపెట్టి. నాకు రోజుకో షాకు.

పెయింటు గీకుతుంటే ఆకుపచ్చ కింద నీలం, నీలం కింద బూడిద రంగు, దాని కింద అసలు ఆకుపచ్చ. నువ్వు చెప్పిన ఆకుపచ్చ అదే. ముక్కు మీద సుత్తితో తడితే పెచ్చులు పెచ్చులుగా పుట్టీ రాలింది, నా వేలంత మందం. "ఇది లారీ కాదండీ, లారీ ఆకారంలో ఉన్న పుట్టీ" అన్నాడు మేస్త్రీ. మన ప్రమాదం తర్వాత వంకరలు తీయకుండా పైన మెత్తేసినట్టున్నారు. తలుపు లోపలి చెక్క చట్రం పట్టుకుంటే పొడై చేతిలోకి వచ్చింది. సీటు విప్పితే స్ప్రింగుల మధ్య ఎలుకలు మూడు తరాలుగా కాపురం చేసిన గుర్తులున్నాయి. సీట్ల ఆవిడ చీపురు తీసుకుని, "మీరు కాసేపు బయటికెళ్ళండన్నా, మీకు గుండె జబ్బేమైనా ఉందేమో" అంది.

ఇప్పుడు తగువంతా నేల రేకు దగ్గర వచ్చింది. ఎత్తొద్దని నువ్వన్నావని చెప్పాను. మేస్త్రీ దానిమీద గోటితో తట్టి, చెవి పెట్టి విన్నాడు. "కింద తుప్పుంది. పైన మ్యాట్ పరిచి ఇచ్చేస్తే నా షాపు పేరు పోతుంది. మీ బావగారు డ్రైవరా, రేకు పనివాడా?" అన్నాడు. నేనేం చెప్పను? సోమవారం ఎత్తుతానన్నాడు.

నువ్వు కంగారు పడకు. ఆ బండి అంటే నీకు భయం ఉంటుందని నాకు తెలుసు. ఆ మలుపు, ఆ రాతిగోడ నాకూ కళ్ళ ముందే ఉన్నాయి. కానీ పాతబడిపోయిన సంగతి కదా.

నీ బావమరిది

* * *

ప్రియమైన చిన్నోడికి,

రేకు ఎత్తించకు. పని అక్కడితో ఆపించు. సీట్లు బిగించి, రంగు వేయించి తెచ్చేసుకో. నిన్ను నేను ఇప్పటిదాకా ఏమీ అడగలేదు. ఇది అడుగుతున్నాను.

నీ బావ

* * *

బావా,

నీ ఉత్తరం బుధవారం వచ్చింది. మేస్త్రీ సోమవారమే ఎత్తేశాడు.

 

నేను వెళ్ళేసరికి మేస్త్రీ క్యాబిన్ కింద వెల్లకిలా పడుకుని, లైటు పట్టుకుని ఉన్నాడు. నన్నూ వంగి చూడమన్నాడు. బ్రేకు పెడల్ని పట్టి ఉంచే బ్రాకెట్ కొత్తది, బోల్టులతో బిగించి ఉంది. దాని పక్కనే, బండి అడుగు చట్రమైన చాసిస్‌కి అంటుకుని పాత బ్రాకెట్ సగం మిగిలి ఉంది. ఎవరూ కోసి తీసేయలేదు.

"ప్రమాదంలో విరిగిందేమో" అన్నాను.

"కాదండీ. ఇది విరిగాకే ప్రమాదం జరిగుంటుంది" అన్నాడు.

"ఎలా చెబుతారు?"

"గుద్దుకుని విరిగిన ఇనుము వంగి విరుగుతుంది. ఇది అరటితొక్క ఒలిచినట్టు ఊడొచ్చింది. ఇక్కడ చూడండి. అంతకుముందే చీలితే ఎవరో ఇనప ముక్క పెట్టి వెల్డింగు చేశారు. రంగు గీకకుండా చేశారు. వెల్డింగు లోపలికి దిగలేదు, పైపైన పేరుకుంది. మామూలుగా తొక్కినంతకాలం నిలబడుంటుంది. దిగుడులో ఒక్కసారి గట్టిగా తొక్కితే అంతే. పని నేర్చుకునేవాడు ఎవడో చేసుంటాడు లెండి."

ఆ ఇనప ముక్కకి పక్కపక్కన రెండు చిల్లులున్నాయి బావా. అది మా ఇంట్లో విరిగిన ఇనప మంచం పట్టీ. నేనే రంపంతో కోశాను.

 బయటికొచ్చి స్టూలు మీద కూర్చున్నాను. సీట్ల ఆవిడ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

ఆ వెల్డింగు చేసిన సంగతి నేను మర్చిపోలేదు. కునుకు పట్టిందని నువ్వే చెప్పాక దాని గురించి ఆలోచించే అవసరమే రాలేదు. నువ్వు గ్యారేజీకి తీసుకెళతానన్నావు. నేనే, "నేనుండగా గ్యారేజీ ఎందుకు బావా" అన్నాను. వెల్డింగు షాపులో చేరి అప్పటికి రెండు నెలలు. గంటన్నరలో అతికించేశాను. నువ్వు భుజం తట్టావు. నాలుగో రోజే ఆ మలుపు.

మ్యాట్ పరిపించమన్నావు. పని ఆపించమన్నావు. అంటే నీకు తెలుసు.

మొదటినుంచీ తెలుసా? నాలుగు నెలలు జైల్లో ఉన్నప్పుడు తెలుసా? లైసెన్సు పోయి, గోడౌన్‌లో బస్తాలు లెక్కపెట్టే పనిలో చేరినప్పుడు తెలుసా? "నా కొడుకుని కుంటివాణ్ణి చేశావు" అని అమ్మ నీ మొహాన తలుపు వేసినప్పుడు తెలుసా?

ఎందుకు బావా?

చిన్నోడు

* * *

ప్రియమైన చిన్నోడికి,

తెలుసు.

ఆ దిగుడులో బ్రేకు తొక్కితే పెడల్ నా కాలి కింద చెప్పు జారినట్టు జారిపోయింది. అప్పుడే తెలిసింది. నిన్ను బయటికి లాగి, మనుషులు వచ్చి నిన్ను ఎత్తుకెళ్ళాక, వంగి చూశాను. నీ అతుకు ఊడి వేలాడుతోంది.

మర్నాడు మధ్యాహ్నం ఆసుపత్రిలో నీకు తెలివొచ్చింది. కాలు తీసేశారని నీకింకా తెలియదు. నువ్వడిగిన మొదటి మాట, "బావా, బ్రేకు పట్టలేదా?" అని. నేను దుప్పటి వైపు చూశాను, నీ మొహం వైపు చూశాను. "కాదురా, నాకు కునుకు పట్టింది" అన్నాను. ముందుగా అనుకుని అన్నది కాదు. నోట్లోంచి వచ్చేసింది. పక్కన అత్తయ్య ఉంది, విన్నది. కాసేపటికి పోలీసులు వచ్చి అడిగారు. ఆవిడ ముందు ఇంకోలా ఎలా చెప్పను? డ్రైవరే ఒప్పుకున్నాక బండి కింద చూసే పని ఎవరికీ లేకపోయింది.

నన్ను దేవుణ్ణి చెయ్యకు. బ్రాకెట్ చీలిన బండిని రెండు నెలలు పని నేర్చుకున్నవాడి చేతికి ఇచ్చింది నేను. మర్నాటి సరుకు ఆలస్యమవుతుందని గ్యారేజీకి వెళ్ళలేదు. నువ్వు అతికించాక ఒక్కసారి సుత్తితో కొట్టి చూసి ఉంటే అక్కడే తెలిసిపోయేది. నా తప్పు అందులో సగం పైనే ఉంది. ఆ సగానికి నాకు శిక్ష సరిపోయిందనుకున్నాను.

మిగతా సగం మోయడం నాకు సులభంగా ఏం లేదు. జైలు నుంచి వచ్చిన రోజు అత్తయ్య తలుపు వేసినప్పుడు నిజం నాలుక చివరిదాకా వచ్చింది. లోపల నువ్వు కర్రలతో నడవడం నేర్చుకుంటున్నావు. టక్కు టక్కుమని చప్పుడు వినిపించింది. నోరు మూసుకుని వచ్చేశాను. కానీ ఆ తర్వాత నీమీద చాలాసార్లు కోపం వచ్చింది. "నిన్ను మన్నించాను బావా" అని నువ్వన్న ప్రతిసారీ వచ్చింది.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. నీ ఉత్తరం వచ్చేసరికి నా కళ్ళజోడు విరిగి ఉంది. అక్కని చదివి వినిపించమన్నాను. మంచం పట్టీ దగ్గర ఆగిపోయింది. మిగతాది మనసులో చదువుకుంది. కాగితం మడిచి, "ఇది నిజమేనా?" అంది. అవునన్నాను.

"ఇరవై ఆరేళ్ళు నా పక్కన ఉండి నాకు చెప్పలేదా మీరు? మా అమ్మ పోయేటప్పుడు నన్ను ఒక్కదాన్నే లోపలికి రానిచ్చింది. మీరు వీధిలో ఎండలో నిలబడ్డారు. నేను మీ వల్ల తల వంచుకున్నాను. అప్పుడైనా చెప్పాలనిపించలేదా?"

 నిన్ను కాపాడుతున్నాననుకున్నాను. దానికి అక్క తల వంచుకోవాల్సి వచ్చిందని నాకు ఇన్నేళ్ళూ తట్టలేదు. 

మూడు రోజులుగా నాతో మాట లేదు. ఇవాళ సంచి సర్దుకుంది, నీ దగ్గరికే వస్తోంది. ఈ ఉత్తరం తన చేతికే ఇస్తున్నాను. కవరు అంటించలేదు. దారిలో చదువుకుంటే చదువుకోనీ.

నీ బావ

* * *

ప్రియమైన బావకి,

అక్క బస్సులోనే నీ ఉత్తరం చదివేసింది. ఇంటికి రాలేదు, దారి అడుక్కుంటూ సరాసరి షాపుకే వచ్చింది. నేను పెయింటరుతో మాట్లాడుతున్నాను. వెనక నుంచి "ఏదీ, చూపించు" అని వినిపించింది.

మేస్త్రీ లైటు పట్టుకున్నాడు. అక్క చీరకుచ్చిళ్ళు దోపుకుని వంగి, చెయ్యి లోపలికి పెట్టి ఆ ముక్కని తడిమింది. రెండు చిల్లుల్లోనూ వేలు పెట్టి చూసింది. "అమ్మ మంచానిదే" అంది. లేచి నిలబడి, షాపులో అందరి ముందూ నా చెంప మీద ఒక్కటి కొట్టింది. పెట్టుడు కాలు మీద తూలి పడబోతే తనే పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు. నా తల తన భుజానికి అదుముకుని, గట్టిగా, చిన్నపిల్లలా ఏడ్చింది. పెయింటరు బ్రష్షు డబ్బాలో వదిలేసి బయటికి వెళ్ళిపోయాడు.

ఆదివారం పిన్నినీ మావయ్యనీ పిలిచాను. మా ఆవిడ, మా అమ్మాయి కూడా ఉన్నారు. నిలబడి మొత్తం చెప్పాను. పిన్ని "ఇప్పుడెందుకురా ఇవన్నీ" అంది. నా పెళ్ళిలో నీ పక్కన కూర్చుని భోంచెయ్యనని లేచిపోయిన మావయ్య నీ చిరునామా అడిగి రాసుకున్నాడు. మా అమ్మాయి మాత్రం నీ గురించే, "అయితే మావయ్యని నువ్వు మన్నించిన కథ నాకు చిన్నప్పటినుంచి ఎందుకు చెప్పావు నాన్నా?" అంది. అందరి మాటలూ తట్టుకున్నాను, అదొక్కటి తట్టుకోలేకపోయాను.

అమ్మకి చెప్పే వీలు లేదు. అది నాకు అలాగే మిగిలిపోయింది.

మేస్త్రీ ఆ పాత ముక్కని కోసేసి, చాసిస్ శుభ్రం చేసి, కొత్త రేకు వేశాడు. వెల్డింగు చేస్తున్నంతసేపూ నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, ముందు రంగు ఎంత గీకాలో చూపించాడు. ముక్కు వంకర తీసి, అసలు ఆకుపచ్చ మొదటి పూత వేశారు.

అక్క ఇక్కడే ఉంటానంటోంది. నువ్వే వచ్చి తీసుకెళ్ళాలట. వీధిలోంచి పిలిస్తే రాదట. లోపలికి వచ్చి, కూర్చుని అడగాలట.

నిన్ను మన్నించానని ఊరంతా చెప్పుకున్నాను బావా. పెళ్ళిళ్ళలో చెప్పాను, నా కుట్టుమిషన్ల షాపుకి వచ్చినవాళ్ళకి చెప్పాను. ఎంత మంచివాడివిరా అన్నారు. ఇరవై ఆరేళ్ళు ఆ మాట మీద బతికాను. అందుకని ఇప్పుడు నన్ను మన్నించమని నిన్ను అడగడం లేదు. అడిగితే నువ్వు వెంటనే సరేనంటావు, అది నాకు వద్దు. కోపం వచ్చిందన్నావు కదా, ప్రతిసారీ. నువ్వు వచ్చేలోపు ఆ కోపాలన్నీ రాసి పంపు. ఏ ఏడాది, ఎవరింట్లో, నేనన్న ఏ మాటకి వచ్చిందో, ఒక్కటీ వదలకుండా రాయి. నేను చదువుతాను.

నీ చిన్నోడు