మొదటి ఫొటోలో మచ్చ

వైఫూ ఊరు, సవాయి దీవి, సమోవా
జూలై 4

బ్రిస్బేన్ వాటిల్‌బ్రూక్ వీసా ఆరోగ్య పరీక్షల కచేరీ వారికి,

అయ్యా,

నా దరఖాస్తు తిప్పి పంపారు. పైన ఎర్ర సిరాతో "ఇది హాస్యమా?" అని రాశారు. కాదు. నేను మామిడికాయలు కోసేవాణ్ణి. హాస్యం నా పని కాదు.

మీ కాగితంలో ఏముంది? "నీతో వచ్చినా రాకపోయినా, నీ మీద ఆధారపడిన కుటుంబసభ్యులందరి పేర్లూ రాయి" అని ఉంది. రాశాను. ముప్పై ఒక్కరు. మీరు గీసిన గీతలు నాలుగు. గీతలు చాలకపోతే తప్పు గీసినవాడిది, నన్ను కన్నవాళ్ళది కాదు. పిల్లల్ని నేను రాయనేలేదు. వాళ్ళు ఊరందరి మీదా ఆధారపడినవాళ్ళు.

ముగ్గురు తల్లులేమిటని అడిగారు. ఒకావిడ కన్నది. ఒకావిడ పెంచింది. ఒకావిడ చీపురు తిరగేసి చదువు చెప్పింది. ఎవర్ని తీసెయ్యమంటారు? ఆ చీపురావిడ సియెనీ పిన్ని. నేను రాస్తుంటే భుజం మీంచి తొంగి చూస్తూ, "నా పేరు ఎన్నోది రా?" అంది. పదిహేడోది అన్నాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

అసలు సంగతి ఇది. అక్టోబరు పదికల్లా నేను మీ దేశపు క్వీన్స్‌లాండ్ మామిడితోటలో ఉండాలి. లేకపోతే ఆ పని ఇంకొకడికి పోతుంది. తుపాను మా ఇంటి కప్పు ఎత్తుకుపోయి రెండేళ్ళయింది. అందరం టార్పాలిన్ కింద బతుకుతున్నాం. మళ్ళీ రేకులు పడాలంటే ఈ కోత ఒక్కటే దారి. కాబట్టి ఆ ఎర్ర సిరా సీసాకి మూత పెట్టి నా కాగితం కదపండి.

ఇట్లు,
ఇప్పటికైతే మర్యాదగానే రాస్తున్న
ఫలనికో

తా.క.: సియెనీ పిన్ని పేరు రెండోదానికి మార్చాను. మిగతావి చదవకపోయినా అది మాత్రం సరిచూసుకోండి.


బ్రిస్బేన్
జూలై 15

శ్రీ ఫలనికో గారికి,

తమ ఉత్తరము అందినది. "ఇది హాస్యమా?" అని రాసినది నేను కాదు, నా పై అధికారి. నేను అటువంటివి పెన్సిలుతో రాస్తాను.

నిబంధన ప్రకారము, పేరు నమోదైన ప్రతి ఆశ్రితుడూ, ప్రయాణము చేసినా చేయకపోయినా, క్షయవ్యాధి లేదని తేలుటకు ఛాతీ ఎక్స్‌రే తీయించుకొనవలెను. ఏ ఒక్కరి ఛాతీలో తేడా కనిపించినా తమ వీసా ఆగిపోవును. ఎవరి పేరైనా కొట్టివేయవలెనన్నచో విడాకుల పత్రము గాని, మరణ ధ్రువపత్రము గాని జతపరచవలెను.

తమతో కలిపి ముప్పై రెండు ఛాతీలు. ఒకే దరఖాస్తులో ఇన్ని రావడం మా కచేరీలో ఇదే మొదలు. ఒకరికి బదులు మరొకరు నిలబడే మోసములు జరుగుచుండును గనుక, పర్యవేక్షణకై నేనే స్వయముగా ఆగస్టు 6న తమ రాజధాని అపియా వస్తున్నాను. అక్కడి క్లినిక్‌లో నర్సు జాబితా వరుసన, తమ పేరుతో మొదలుపెట్టి, ఒక్కొక్కరినే పిలుచును. పిలిచినవారు లోనికి వచ్చి నిలబడిన చాలును. ఇందులో పొరపాటుకు తావు లేదు.

భవదీయుడు,
బెర్నార్డ్ ప్రాసర్
సీనియర్ గుమస్తా

తా.క.: అక్కడ పాలు కలిపిన టీ దొరుకునా?


వైఫూ
జూలై 24

ప్రాసర్ గారికి,

మీ ఉత్తరం ప్రార్థన అయ్యాక అందరికీ చదివి వినిపించాను. విడాకులా మరణమా అన్న చోట సియెనీ పిన్ని, "రెంట్లో ఏది తొందరగా అవుతుంది?" అని మొగుడి వైపు చూసింది. ఆయన మధ్యాహ్నం దాకా ఇంటికి రాలేదు.

మా మతాయి లెఫావో, అంటే మా ఇళ్ళన్నిటికీ పెద్ద, ఆయన మాట దాటి ఇక్కడ కోడి కూడా కూయదు, ఆయన గొంతు సవరించుకుని అన్నాడు: "మన ఛాతీలు చూడ్డానికి ఒక మనిషి సముద్రం దాటి వస్తున్నాడు. ఇంత మర్యాద మనకెవరు చేశార్రా?"

"పెద్దయ్యా, ఆయన మర్యాద కోసం రావట్లేదు. మనం దొంగలమని వస్తున్నాడు" అన్నాను.

"వచ్చేవాడి బుద్ధి వాడిది. రానిచ్చేవాడి మర్యాద మనది. నువ్వు నోరు మూసుకుని పంది సంగతి చూడు."

కాబట్టి పంది వస్తోంది. ముప్పై రెండు మందిమి తెల్లబట్టలు కట్టుకుని, బస్సెక్కి, ఓడెక్కి, మళ్ళీ బస్సెక్కి వస్తున్నాం. దుంపలు, కొబ్బరిపాలలో ఉడికించిన ఆకులు, చాపలు, పాటలు పాడేవాళ్ళు, అన్నీ వస్తున్నాయి. ఒక మనిషి ఊపిరితిత్తి చూడ్డానికి ఇంత తతంగమేమిటని నాకు ఒళ్ళు మండుతోంది. కానీ ఇంట్లో ఎవరికీ మండట్లేదు. పెళ్ళికి పోతున్నట్టున్నారు. మా నాయనమ్మ తినౌసీ ఫొటో అనగానే కొత్త టోపీ అల్లించుకుంది. ఛాతీ వరకే తీస్తారని చెప్పే ధైర్యం నాకు లేదు.

ఇట్లు,
పంది వెనక పరిగెడుతున్న
ఫలనికో

తా.క.: చాప మీద కూచున్నప్పుడు ఎదుటివాళ్ళకి పాదాలు చూపిస్తే ఇక్కడ తిట్టినట్టే. బ్రిస్బేన్‌లో బాసింపట్టు వేసుకుని నాలుగు రోజులు సాధన చేసి రండి.


బ్రిస్బేన్
ఆగస్టు 20

శ్రీ ఫలనికో గారికి,

తమవారి ఆతిథ్యమునకు కృతజ్ఞతలు. ఒక పెద్దాయన కర్ర పట్టుకొని నిలబడి, నా ముఖములోకి చూస్తూ అరగంటసేపు బిగ్గరగా మాట్లాడిరి. ఏదో నేరము మోపుచున్నారనుకొంటిని. అది స్వాగతోపన్యాసమని పంది వీపు ముక్క నా ఒడిలో పెట్టిన తరువాత తెలిసినది. మోకాళ్ళ నొప్పులు తగ్గుచున్నవి.

ఇక ఫలితములు. ముప్పై రెండు ఫొటోలు అందినవి. ముప్పై ఒకటి నిక్షేపముగా ఉన్నవి. తమ నాయనమ్మగారి ఛాతీ, ఎనభై ఒక్క ఏళ్ళ వయసులో, రగ్బీ ఆడే కుర్రవాని ఛాతీ వలె ఉన్నదని డాక్టరుగారు ఆశ్చర్యపడిరి.

అయితే మొదటి ఫొటో, అనగా తమది, కుడి ఊపిరితిత్తి పైభాగమున మచ్చ చూపుచున్నదని నివేదికలో ఉన్నది. కళ్ళె పరీక్ష చేయవలెను. ఫలితము వచ్చుటకు ఎనిమిది వారములు పట్టును. అంతవరకు వీసా నిలిపివేయడమైనది. అక్టోబరు పదవ తేదీ దాటిపోవునని నాకు తెలియును. విచారిస్తున్నాను.

భవదీయుడు,
బెర్నార్డ్ ప్రాసర్

తా.క.: తమ పిన్నిగారు ఇచ్చిన చాపను విమానాశ్రయములో చీడల పరీక్షకై ఆపివేసిరి. దానిని వదిలిపెట్టుటకు ఆరు వారములట. మనిషి కన్న చాప నయం.


వైఫూ
ఆగస్టు 29

ప్రాసర్!

నన్ను ఆ యంత్రం ముందు నిలబెట్టనే లేదు. నిలబెట్టని మనిషికి మచ్చ ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఆ రోజు నేనెక్కడున్నాను? క్లినిక్ వెనక, తిండి బుట్టల మీద ఈగలు తోలుతున్నాను. పదవి లేని కుర్రాళ్ళ చోటు అదే. అందరూ అయ్యాక చివర్న చెయ్యి కడుక్కుని తలుపు దాకా వస్తే మీ నర్సు, "జాబితా అయిపోయింది బాబూ, పద పద, ఓడ వెళ్ళిపోతుంది" అంది. అసలు మనిషికి వేరే ఏర్పాటేదో ఉందేమోననుకున్నాను.

మొదట నా పేరే పిలిచిందట. అయితే? మా పెద్దలంతా కూచుని ఉంటే వాళ్ళని దాటుకుని నేను ముందు పోతానా? మా దగ్గర పెద్దల ముందునుంచి నడవాలంటేనే నడుం వంచి, "క్షమించండి" అనుకుంటూ నడవాలి. ఆవిడ ఎవరి పేరు పిలిస్తేనేం, లేచి వెళ్ళేది పెద్దరికం వరసనే. నాయనమ్మ పేరు పిలిచినప్పుడు వెళ్ళింది మా తమ్ముడు ఇయాకోపో. వాడు రగ్బీ ఆడతాడు. మీ డాక్టరు ఆశ్చర్యపడాల్సింది నాయనమ్మని చూసి కాదు, మీ జాబితాని చూసి. "అది నా పేరు కాదని చెప్పొద్దురా?" అని వాణ్ణి అడిగాను. "పిలిచిన మనిషిని తప్పు పట్టడం బాగుండదు కదన్నా" అన్నాడు.

ఇదంతా కోపంతో రాసుకుంటూ వచ్చాను. ఇక్కడికొచ్చేసరికి చెయ్యి ఆగింది.

పెద్దరికం వరసలో మొదటివాడు లెఫావో.

మచ్చ ఆయనదా? ఈ మాట బయటపెడితే నా వీసా కదులుతుందేమో. కానీ ఆ పెద్దమనిషి ముందు నిలబడి, నీ ఊపిరితిత్తి చెడిందని నేనెట్లా చెప్పను? చెప్పకపోతే ఆయన గతేమిటి? నాకిప్పుడు మీ మీద కోపం కూడా సరిగ్గా రావట్లేదు.

ఫలనికో

తా.క.: లెఫావో నిన్న దగ్గాడు. ఒక్కసారే. అప్పట్నుంచి ఆయన వెనకే తిరుగుతున్నాను. "ఏమిట్రా, పాలు మరవని దూడలా నా వెంట పడ్డావు?" అని కసిరాడు.


బ్రిస్బేన్
సెప్టెంబరు 5

శ్రీ ఫలనికో గారికి,

తమ ఉత్తరమును పై అధికారికి చూపితిని. మొదట నిలబడినది ఎవరో లిఖితపూర్వకముగా తెలుపనిదే ఏమియు చేయజాలమని సెలవిచ్చిరి. నేను ఆ రోజంతా అక్కడే ఉంటిని. పిలిచిన ప్రతి పేరుకు ఒకరు లేచి వెళ్ళుట కళ్ళారా చూచితిని. వరుస తప్పినట్లు నాకు తోచలేదు. అందరూ తెల్లబట్టలలో ఉండిరి గనుక ఎవరెవరో నేను చెప్పజాలను.

భవదీయుడు,
బెర్నార్డ్ ప్రాసర్

తా.క.: ఇది కచేరీ తరఫున కాదు, పెన్సిలుతో రాస్తున్నాను. క్షయకి ఇప్పుడు మంచి మందులున్నాయి. ఆరు నెలలు వేసుకుంటే నయమవుతుంది. ఆయనకి చెప్పండి. చెప్పకుండా మాత్రం ఉండకండి.


వైఫూ
సెప్టెంబరు 14

ప్రాసర్ గారికి,

చెప్పాను.

ఆయన కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు. ఎదురుగా కూచుని నేలకేసి చూస్తూ మొత్తం చెప్పాను. మచ్చ సంగతి, మందుల సంగతి. చివర్న, "ఆ రోజు యంత్రం ముందుకి మొదట వెళ్ళింది నువ్వే కదా పెద్దయ్యా?" అని అడిగాను.

ఒలుస్తున్న కాయ కింద పడేశాడు. "నేనా? మొదట నేనా? ఇన్నేళ్ళొచ్చాక నన్ను ఇంత మాటంటావా? నీ కంటికి నేను మర్యాద తెలియనివాడిలా కనిపిస్తున్నానా?" అని లేచాడు. పెద్దాయనకి జబ్బు అంటగట్టాననే ఆ కోపం అనుకున్నాను. అంత మాటన్నాక ఇంకేం అడుగుతాను?

కానీ చొక్కా తొడుక్కున్నాడు. "పద ఆసుపత్రికి. నీ కళ్ళతో చూసుకో" అన్నాడు. బస్సులో నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. పక్కన కూచున్నావిడతో మాత్రం, "వీడు మా వాడే, కాస్త తిక్క" అని చెప్పాడు.

మా దీవి ఆసుపత్రిలో ఇద్దరికీ తీశారు. ఈసారి నర్సు పేరు పిలిచినప్పుడల్లా నేను గుమ్మంలో కాపలా నిలబడ్డాను. ఇద్దరివీ శుభ్రంగా ఉన్నాయి. డాక్టరమ్మ దీపం ముందు పెట్టి చూపించింది. లెఫావో ఊపిరితిత్తులు ఎంత పెద్దవంటే ఫొటోలో పట్టలేదు. నేను అక్కడే బల్ల మీద కూలబడి ఏడ్చాను. ఆయన నా నెత్తి మీద ఒకటి మొట్టి, "ఏడుపు చాలు, ఆకలేస్తోంది" అన్నాడు. రెండు ఫొటోలూ దీంతో పంపుతున్నాను. వెనక పేర్లు డాక్టరమ్మ చేతే రాయించాను.

ఇప్పుడు మీరు చెప్పండి. నేను బడికి పోయింది నాలుగేళ్ళే, కానీ లెక్క వచ్చు. మేం ముప్పై రెండు మందిమి. నన్ను తియ్యనే లేదు. అంటే ముప్పై ఒక్కరికి తీశారు. మీ దగ్గరున్న మంచి ఫొటోలు ముప్పై ఒకటి. మాకు సరిపోయింది! మరి ఆ మచ్చున్న ముప్పై రెండో ఛాతీ ఎవరిది? మా బస్సు డ్రైవరు బస్సులోనే నిద్రపోయాడు, అడిగాను. పాటలవాళ్ళు మా ఇంటివాళ్ళే. పందిని మాత్రం అడగడం కుదరలేదు.

అసలు ఆ ఫొటో మీరు చూశారా? చూడకుండానే నా ఇంటి కప్పు ఆపారా?

ఫలనికో

తా.క.: ఇంకా ఇరవై ఆరు రోజులుంది.


బ్రిస్బేన్
సెప్టెంబరు 24

ప్రియమైన ఫలనికో,

చూడలేదు. తొమ్మిదేళ్ళుగా ఇలాంటి ఉత్తరాలు రాస్తున్నాను. ఒక్క ఫొటో కూడా ఏనాడూ చూడలేదు. నివేదికలో ఒక వాక్యం వస్తుంది, దాన్ని నా వాక్యంగా మార్చి పంపుతాను. మీ ఉత్తరం చదివాక డాక్టరుగారి గదికి వెళ్ళి, ఆ మొదటి ఫొటో చూపించమన్నాను.

కుడివైపు మచ్చ ఉంది. ఎడమవైపు, మెడ కింద ఎముకకి ఇనుప బద్ద, మూడు మరమేకులు ఉన్నాయి. పంతొమ్మిదో ఏట సైకిలు మీంచి పడితే వేశారు. నాకు.

అప్పుడు గుర్తొచ్చింది. నర్సు "ఫలనికో" అని పిలవగానే మీ లెఫావో లేచి, నా దగ్గరికొచ్చి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళారు. యంత్రం సరిగ్గా ఉందో లేదో చూపిస్తున్నారనుకున్నాను. ఆయన ఆ పలక ముందు చోటు చూపించి, "అతిథి ముందు" అన్నారు. పంది వీపు లాగే ఇదీ ఒక మర్యాద కాబోలనుకున్నాను. కాదంటే మళ్ళీ అరగంట ఉపన్యాసం వినాల్సి వస్తుందనే భయం కూడా ఉంది. చొక్కా విప్పాను. ఊపిరి బిగబట్టమన్నారు, బిగబట్టాను. "థాంక్యూ" అని కూడా చెప్పాను. మోసం జరగకుండా చూడ్డానికి వెళ్ళినవాణ్ణి, మీ పేరు మీద నేనే నిలబడ్డాను. అతిథి కన్న ముందు వెళ్ళావా అని అడిగితే ఆయనకి కోపం రాదూ?

నాలుగు రోజులు నాకు తిండి సయించలేదు. భార్యకి చెప్పలేదు. పిల్లలకి దూరంగా వరండాలో కూర్చున్నాను. అయిదో రోజు డాక్టరుగారు నా పదేళ్ళ నాటి పాత ఎక్స్‌రే వెతికి తీసి పక్కన పెట్టారు. అందులోనూ అదే మచ్చ, అదే చోట. చిన్నప్పుడు వచ్చి మానిపోయిన నిమోనియా గుర్తు. "ఇంటికి పోవయ్యా, నీకేం లేదు" అన్నారు. బయటికొచ్చి, నడిరోడ్డు మీద నిలబడి, గట్టిగా మూడుసార్లు గాలి పీల్చుకున్నాను. గాలి ఇంత బాగుంటుందని నాకు తెలియదు.

మీరు పంపిన మీ ఫొటో శుభ్రంగా ఉంది. మిగతా ముప్పై ఒకటీ శుభ్రమైనవే గనుక ఏ ఛాతీ ఏ పేరుదైనా నష్టం లేదని పై అధికారి ఒప్పుకున్నారు. ఒప్పుకునే దాకా నేను ఆయన గదిలోంచి కదల్లేదు. మీ దగ్గర నేర్చిన బాసింపట్టు వేసుకుని నేల మీదే కూర్చున్నాను. వీసా జతపరిచాను. అక్టోబరు ఏడున విమానం. నేనే విమానాశ్రయానికి వస్తాను.

నన్ను క్షమించమని లెఫావో గారికి చెప్పండి.

మీ
బెర్నార్డ్

తా.క.: అనుమానం తీరేలోపు మా కచేరీ నా చేత కూడా ఆ దరఖాస్తు నింపించింది. "గత ఆరు నెలల్లో విదేశీయుల మధ్య గడిపారా?" అన్నది ఒక ప్రశ్న. చాలాసేపు ఆలోచించి "లేదు" అని రాశాను. ఆ క్లినిక్‌లో విదేశీయుణ్ణి నేనొక్కణ్ణే.