మంట ఎప్పుడూ ఎడమ పక్కే

మంగళవారం రాత్రి

ఛీ, స్నానం చేసినా అసహ్యం వదలట్లేదు.

గని ప్రమాదం నుంచి బయటపడడం నేర్పే సిమ్యులేటర్‌లో బండ మీద చెమ్మ కూడా నిజంలాగే ఉంటుంది. మంట మాత్రం ఎప్పుడూ ఎడమ సొరంగంలోనే పుడుతుంది. మైనింగ్ చదవడానికి జర్మనీ వచ్చినా మన బుద్ధి మారదు కదా, సీనియర్లు ఆ సంగతిని పాత ప్రశ్నపత్రాలతో పాటు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. అందరం కుడికి పరిగెత్తాం, అందరికీ ఫుల్ మార్కులు.

ఈరోజు నిజం గనిలో డ్రిల్లు. ఉత్తుత్తి పొగ వదలగానే మా క్లాసు కిరణ్ కుడికే తిరిగాడు, వెనకే మేం నలుగురం. పొగ వస్తున్నదే అటునుంచి.

"సిమ్యులేటర్‌ల రైటే కదరా!" అని దగ్గుతూనే అరిచాడు.

ట్రైనర్ వెబర్ మమ్మల్ని వెనక్కి లాగాడు. నిజం మంటైతే ఐదుగురం పోయేవాళ్లమన్నాడు, మళ్లీ టెస్ట్ పెడతానన్నాడు. కిరణ్ తల వంచుకుని విన్నాడు, బస్సెక్కగానే గ్రూపులో మెసేజ్ పెట్టాడు: "రియల్ మైన్‌ల లెఫ్ట్ కొట్టుర్రి మామా. రీటెస్ట్ పక్కా పాస్."

మంటకి కూడా సిలబస్ ఉంటుందనుకుంటున్నారా వీళ్లు? రేపు వీళ్లని నమ్మి ఎవరైనా గనిలోకి దిగితే...

ఇప్పుడే గట్టిగా తిడదామని గ్రూపు తెరిచాను. ఆ మెసేజ్ కింద లైకుల్లో నా పేరూ ఉంది. బస్సులో అలవాటుగా నొక్కేశాను.