అత్తయ్య నా నవల చదివారు

1989 ఆగస్టు, శుక్రవారం. రేపల్లె.

నా నవలలో కోడలి దగ్గర ఓ పెద్ద నిజం దాచే అత్త ఉంది. అత్తయ్య అది తన గురించే అనుకుంటారేమోనని ఇన్నాళ్లూ భయం.

సాయంత్రం తెనాలి నుంచి రైల్లో వస్తుంటే, ఎదుటి సీట్లో ఇద్దరు ఆడవాళ్లు ఆ పుస్తకం గురించే వాదించుకున్నారు. రాసింది నేనని వాళ్లకు తెలియదు.

"చివర తేలిపోయిందండి," అంది ఒకావిడ.

"ఏంటండి తేలిపోయేది? అది చదువుతూ కూర మాడబెట్టుకున్నాను!" అంది రెండో ఆవిడ. నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగాను.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య కూడా చదవడం ముగించారు.

"ఏంటమ్మాయ్, నీ నవల్లో అత్త మరీ మెతక! ఈసారి మా అత్తగారి గురించి రాయి. ఆవిడ గుట్టంతా నాకు తెలుసు. రేపు చెబుతాలే."

ఏం చెబుతారో! సంతోషంతో నిద్ర రావడం లేదు.