కవిరాజు పక్కన నాకు చోటొద్దు

పెదనాన్నకి చిట్టి నమస్కారాలు.

మీరు ఫోను ఎత్తరు కాబట్టి ఆఫీసు డ్రైవరు చేత ఉత్తరం పంపుతున్నాను. మన పత్రికలో రచయితల ఫైళ్లు దాచిన సర్వర్లు ముసలివైపోయాయి. అందులో ఉన్నదంతా కొత్త క్లస్టర్‌లోకి తరలిస్తున్నాం. క్లస్టర్ అంటే ఒకే మాట మీద నడిచే యంత్రాల గుంపు. మన ఇంట్లో లేనిది అదే. ఇంత పెద్ద పని నా చేతికి అప్పజెప్పడం ఇదే మొదలు.

మీరు ముప్ఫై ఏళ్లు రాసిన పుస్తక సమీక్షలు కూడా వస్తాయి. మీరు చేయాల్సిందల్లా ఏమీ చేయకపోవడమే. కాపీ అవుతుండగా ఎవరైనా ఇంటి కంప్యూటర్లోంచి ఫైలు తెరిచి దిద్దితే దాన్ని మళ్లీ మొదటినుంచీ కాపీ చేయాలి. శుక్రవారం సాయంత్రం పాత యంత్రాలు ఆపేస్తారు. పెద్దమ్మని అడిగానని చెప్పండి.

మీ చిట్టి

తా.క.: జనం తరచు తెరిచే ఫైళ్లు ముందుగా, వేగంగా పనిచేసే డిస్కుల్లోకి వెళ్తాయి. ఎవరూ తెరవనివి ఆఖర్న, నిదానంగా పనిచేసే వాటిలోకి. మీవి ఆఖర్న. కంగారు పడకండి.

*

చిరంజీవి చిట్టికి,

కంగారు పడటం లేదు, మండిపడుతున్నాను. ఇల్లు మారేటప్పుడు ఆఖరి బండిలో ఏం వేస్తారో నాకు తెలుసు. విరిగిన కుర్చీ, అరిగిన చీపురు, నేను. నా సమీక్షలకి జడిసి ఊళ్లో సగం మంది రాయడం మానేశారు. మిగతా సగం కూడా మానేసి ఉంటే సాహిత్యం బాగుపడేది.

ఆ కవిరాజు ఏ బండిలో ఉన్నాడు? అతని మొదటి పుస్తకాన్ని నేను ఉతికి ఆరేశాక, నన్ను చూస్తే రోడ్డు దాటి అవతలి పక్కన నడిచేవాడు. నిజం చెప్పు. తట్టుకోగలను.

ఆశీస్సులతో (కోపం నీ మీద కాదు),
పెదనాన్న

తా.క.: నువ్వు అడిగావని చెప్పాను. “ఎవరూ తెరవకపోవడమే నయం, తెరిస్తే కేసులు పెడతారు” అంటోంది మీ పెద్దమ్మ.

*

పెదనాన్నా, నమస్కారం.

నిజమే చెబుతున్నాను. కవిరాజుగారు మొదటి బండిలో ఉన్నారు. ఆయన ఫోల్డరు రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు తెరుస్తున్నారు.

అది సరే. నిన్నటి నుంచి మీ సమీక్షలు తెల్లారింది మొదలు పొద్దుగూకే దాకా తెరుచుకుంటున్నాయి. మీరేదో కొత్తగా పైకొస్తున్న రచయిత అనుకుంటోంది మా యంత్రం. మీరేనా? పైగా దిద్దుతున్నారా? కాపీ అయిపోయినవి కూడా మళ్లీ వరుసలోకి వచ్చి నిలబడ్డాయి. దయచేసి ఆపండి.

మీ చిట్టి

తా.క.: మా మేనేజరు “ఎవరమ్మా ఈయన, ఇంత గిరాకీ?” అన్నారు. మా పెదనాన్నని చెప్పలేదు. చెబితే గిరాకీ గుట్టు బయటపడుతుంది.

*

చిరంజీవి చిట్టికి,

ఊరికే తెరిచి మూసేస్తే మోసం. నేను నీతి ఉన్నవాణ్ని కనక తెరిచి, చదివి, దిద్దుతున్నాను. ఇప్పుడు చూస్తే నేనెంత మెతకగా ఉన్నానో తెలిసింది. కవిరాజు కవితలు నీరసంగా ఉన్నాయని రాశాను. నీరసానికి మందుంది. అందుకని ఆ మాట కొట్టేసి తగిన మాట పెట్టాను.

ఇంకో సంగతి. ఒక్కో ఫైలునీ ముక్కలు చేసి అన్ని యంత్రాల్లోనూ తలోచోటా పడేస్తారని మీ డ్రైవరు చెప్పాడు. అంటే నా ముక్కా, కవిరాజు ముక్కా ఒకే డిస్కులో పక్కపక్కన పడుకుంటాయా? ముక్కలుగా కోస్తే కొయ్యి తల్లీ, అతని పక్కన మాత్రం పెట్టకు.

ఆశీస్సులతో,
పెదనాన్న

తా.క.: ఒక యంత్రం చెడితే పోయిన ముక్కని మిగతా ముక్కలతో మళ్లీ తయారుచేస్తారట. నాకు అతని ముక్క అతికించరు కదా?

*

పెదనాన్నా,

అతికించం.

రేపే శుక్రవారం. అందరివీ వెళ్లిపోయాయి, మీ ఫోల్డరొక్కటే మిగిలింది. పాతదీ కొత్తదీ పోల్చి, రెండూ సరిపోతేనే తరలింపు పూర్తయినట్టు. నేను పోల్చేలోపు మీరొక కామా మారుస్తున్నారు. రేపు సాయంత్రం యంత్రాలు ఆగితే మీ ముప్ఫై ఏళ్ల రాత వాటితోనే పోతుంది. “ఒక్క ఫోల్డరు దాటించలేకపోయావా?” అని మేనేజరు అడిగితే ఆయన మా పెదనాన్నని చెప్పాల్సొస్తుంది. ఇంకోసారి ఇలాంటి పని నాకివ్వరు. మీ సమీక్షలు పోయినా ఏడుస్తాను, పనిపోయినా ఏడుస్తాను. ఒక్క రోజు చేతులు కట్టుకోండి పెదనాన్నా.

మీ చిట్టి

తా.క.: చెప్పకూడదు గానీ చెబుతున్నాను. ఒకే రాత రెండు చోట్ల ఉంటే ఒక్కసారే మోస్తాం. అలా వెతికినప్పుడు కవిరాజుగారి ఫోల్డర్లో మీ సమీక్ష దొరికింది. ఆయన పుస్తకం మీద మీరు రాసిందే. మీరు దిద్దకముందు రెండూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే.

*

చిట్టీ,

దొంగ దొరికాడనుకుని నీ ఉత్తరం జేబులో పెట్టుకుని అతనింటికి వెళ్లాను. తలుపు తీసి, చెప్పులు విప్పనివ్వకుండానే “రండి రండి, ఇన్నాళ్లకి గుర్తొచ్చానా?” అన్నాడు.

“నా సమీక్ష నీ దగ్గరెందుకుంది?”

“రోజూ పొద్దున్న రాయడానికి కూర్చునే ముందు చదువుకుంటానండీ.”

“వెటకారమా?”

“అయ్యో, కాదు. ఆ పుస్తకాన్ని అందరూ పొగిడారు. ఒక్కడూ చదవలేదు. ఆఖరి పేజీ దాకా చదివింది మీరొక్కరే. లేకపోతే ఆఖరి పేజీలో అన్ని తప్పులు ఎలా దొరుకుతాయి?”

రోజూ పొద్దున్నే అక్కడ తెరుచుకుంటున్నది అతని కవితలు కావు చిట్టీ, నేను. అతని పేరు మీద మొదటి బండెక్కి వెళ్లిపోయింది నేనే. తగిన తిట్టు కోసం వెతికాను. దొరకలేదు. ఇలా ఎప్పుడూ జరగలేదని నీకు తెలుసు.

“మరి నన్ను చూసి రోడ్డు దాటేవాడివెందుకు?” అన్నాను.

“మీ మొహం అలా ఉండేది మరి” అన్నాడు.

కొత్త కవితల కట్ట తెచ్చి నా ముందు పెట్టాడు. ఎర్ర పెన్సిలు కూడా అతనే చెక్కి ఇచ్చాడు. “మొహమాటపడకండి” అని, పరీక్ష రాసిన పిల్లాడిలా ఎదురుగా కూర్చున్నాడు. శుక్రవారం సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను, భోజనం, పడక కూడా ఇక్కడే. కనక నా చేతులు నీ యంత్రాల మీద లేవు. ఉన్నదున్నట్టు పట్టుకెళ్లు. నెమ్మదైన డిస్కయినా ఫరవాలేదు. పని బాగా చెయ్యి, మీ మేనేజరు నోరు మూయించు.

ఆశీస్సులతో,
పెదనాన్న

తా.క.: మూడో కవిత బాగుంది. ఈ ఒక్క ముక్కా ఎక్కడా కాపీ చెయ్యకు.